రేస్, ఎత్నిసిటీ, నేషనాలిటీ: ఏ ఫారంలో ఏ గడి?

కొత్తపెన్ను:
నమస్తే అండీ. అమెరికాలో దిగాక వరసగా చేతికొచ్చే ఫారాల్లో ఒకచోట సిటిజన్‌షిప్, ఒకచోట ఎత్నిసిటీ, మరోచోట రేస్ అని ఉంటోంది. అన్నిచోట్లా ఇండియన్ అని రాసేద్దామంటే, రేస్ గడుల్లో ఆ మాట అమెరికన్ ఇండియన్ అన్నచోట తప్ప కనబడదు. ఏషియన్ అంటే చైనా, జపాన్, కొరియా వాళ్లే అన్నట్టు మాట్లాడతారు ఇక్కడ. ఎత్నిసిటీ దగ్గర తెలుగు అని రాద్దామంటే ఖాళీయే లేదు, హిస్పానిక్కా కాదా అని మాత్రమే అడుగుతున్నారు. సోషల్ సెక్యూరిటీ ఫారం, పిల్లల స్కూలు ఫారం, ఆఫీసు పోర్టల్, మూడింట్లోనూ ఒకే జవాబు ఉండాలా? తేడా వస్తే రేపు గ్రీన్ కార్డు దగ్గర ఎవరైనా పట్టుకుంటారా?

ఫారంపురుగు:
కొత్తపెన్ను గారూ, ముందు ప్రశ్నల్ని విడగొట్టుకోండి, సగం తికమక అక్కడే పోతుంది.

సిటిజన్‌షిప్ అంటే మీ పాస్‌పోర్టు ఏ దేశానిదో అది. కంట్రీ ఆఫ్ బర్త్ అంటే పుట్టిన చోటు. ఈ రెండూ కాగితంతో రుజువు చూపాల్సినవి, వీటిలో తప్పు దొర్లితే నిజంగానే తలనొప్పి. కువైట్‌లో పుట్టి ఇండియా పాస్‌పోర్టు ఉన్న మనిషికి పుట్టిన దేశం కువైట్, పౌరసత్వం ఇండియా. గ్రీన్ కార్డు వరస నడిచేది పుట్టిన దేశాన్ని బట్టే కాబట్టి ఈ తేడా చిన్నది కాదు. అదే మనిషికి రేస్ మాత్రం ఏషియన్, ఎక్కడ పుట్టినా సరే.

రేస్, ఎత్నిసిటీ మనం చెప్పుకునేవి. రుజువులు అడగరు. వాటి నిర్వచనాలు మాత్రం ప్రభుత్వానివి. ఆఫీస్ ఆఫ్ మేనేజ్‌మెంట్ అండ్ బడ్జెట్ 1977లో తెచ్చిన 15వ నంబరు డైరెక్టివే ఈ గడులన్నిటికీ మూలం. 1997లో దాన్ని సవరించినప్పుడు ఏషియన్ అంటే తూర్పు ఆసియా, ఆగ్నేయ ఆసియా, భారత ఉపఖండం మూలాలున్నవాళ్లు అని స్పష్టంగా రాశారు. జనం నోట ఏషియన్ అంటే ఎవరైనా కానీ, ఫారంలో మనం అందులోనే.

ఎత్నిసిటీ సంగతి: మనం అనుకునే అర్థంలో వాళ్లు అడగడం లేదు. అమెరికా ఫెడరల్ ఫారాల్లో ఆ ప్రశ్నకు రెండే జవాబులు, హిస్పానిక్ ఆర్ లాటినో (స్పానిష్ సంస్కృతి మూలాలున్నవాళ్లు), లేదా కాదు. భాష, మతం, కులం ఏవీ అందులోకి రావు. 'నాట్ హిస్పానిక్ ఆర్ లాటినో' టిక్కు పెట్టి ముందుకెళ్లండి. మనకు సంబంధం లేదు కదా అని ఖాళీ వదిలేస్తారు చాలామంది. కాదు అని చెప్పడం వేరు, చెప్పకపోవడం వేరు. ఆన్‌లైన్ ఫారమైతే తర్వాతి పేజీకే పోనివ్వదు.

నీలిమేఘం:
దీనికి కొసరు. 2024 మార్చిలో ఆ డైరెక్టివ్ మళ్లీ మారింది. రేస్, ఎత్నిసిటీ రెండు ప్రశ్నల్ని కలిపి ఒక్కటి చేశారు, మిడిల్ ఈస్టర్న్ ఆర్ నార్త్ ఆఫ్రికన్ అనే గడి కొత్తగా చేర్చారు. మొత్తం 7 గడులు, ఎన్ని సరిపోతే అన్ని టిక్కు పెట్టొచ్చు. ఆ కింద వివరం రాసుకునే చోటు కూడా ఉంటుంది, అందులో ఏషియన్ ఇండియన్ వేరే గడి. కాకపోతే శాఖలు మారడానికి 2029 దాకా గడువు ఇచ్చారు. అందుకే ఒక ఆఫీసులో పాత రెండు ప్రశ్నల ఫారం, పక్క ఆఫీసులో కొత్త ఒంటి ప్రశ్న ఫారం కనబడుతుంటాయి. ఫారం మారింది కదా అని మీ జవాబు మార్చుకోవాల్సిన పని లేదు.

మనకన్నా ఇబ్బంది పడ్డది అరబ్బులు, ఇరానీలు. 1997 నిర్వచనం ప్రకారం వాళ్లు వైట్. వీధిలో ఎవరూ వాళ్లను వైట్ అనరు, ఫారంలో ఇంకో దారి లేదు. బ్రెజిల్ వాళ్లది మరో తంటా. లాటినో అనుకుంటారు, కానీ నిర్వచనం స్పానిష్ సంస్కృతి చుట్టూ కట్టింది, వాళ్లది పోర్చుగీసు. అలా రాసుకున్న బ్రెజిల్ వాళ్ల జవాబుల్ని సెన్సస్ బ్యూరో హిస్పానిక్ కాదు అని మార్చి లెక్కేస్తుంది. 2020 సర్వేలో ఆ మార్పిడి జరక్కపోవడంతో ఒక్క ఏడాదిలో 4 లక్షలకు పైగా బ్రెజిలియన్లు హిస్పానిక్ లెక్కలో తేలారు.

తెల్లకాగితం:
అమెరికన్ ఇండియన్ గడి మనది కాదని అందరికీ తెలుసు కదా, అది కూడా చెప్పాలా?

ఫారంపురుగు:
చెప్పాలండీ. ఆదరాబాదరాగా నింపేటప్పుడు కన్ను ఇండియన్ అన్న మాట మీద పడుతుంది, చెయ్యి టిక్కు పెట్టేస్తుంది. ఆ గడి ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల మూలవాసులది. కొన్ని ఫారాల్లో వెంటనే తెగ పేరు, నమోదు వివరాలు అడుగుతుంది. అక్కడికొచ్చాక అయినా ఆగాలి.

ఇంకో కోణం ఉంది. మన దగ్గర షెడ్యూల్డ్ తెగలవాళ్లు, కోయ, లంబాడీ, ఎరుకల ఎవరైనా, 'మేమూ ఆదివాసులమే కదా' అని ఆ గడి వైపు చూడొద్దు. అక్కడ అడుగుతున్నది అమెరికా ఖండాల ఆదివాసుల్ని మాత్రమే. రేస్ దగ్గర వాళ్లదీ ఏషియనే.

దీనికి సరిగ్గా ఎదురు తిరిగేది వీసాకు నింపే డీఎస్-160. అందులో రేస్ ప్రశ్నే లేదు. 'మీరు ఏదైనా క్లాన్ లేదా ట్రైబ్‌కు చెందినవారా' అని ఉంటుంది. ఆ ప్రశ్న ప్రపంచంలో అందరికీ కలిపి వేసింది. ఇంటిపేరు, గోత్రం, కులం అక్కడ రాసేవి కావు, నో పెట్టాలి. యెస్ పెడితే పేరు రాయమంటుంది. అక్కడ కులం పేరు రాసి, కౌంటర్ దగ్గర దాన్ని విడమర్చి చెప్పుకోవాల్సి రావడం కొనితెచ్చుకున్న పని. నిజంగా తెగకు చెందినవాళ్లు యెస్ పెట్టి తెగ పేరు రాయడమే సరైన జవాబు.

రెండోఅంతస్తు:
ఈ గందరగోళం మనవాళ్ల బుర్రలో పుట్టింది కాదు, ఆ దేశమే వందేళ్లు తేల్చుకోలేకపోయింది. 1920, 1930, 1940 జనగణనల్లో ఇండియా నుంచి వచ్చినవాళ్లకు రేస్ గడిలో 'హిందూ' అని రాశారు. వచ్చినవాళ్లలో సిక్కులు, ముస్లింలు చాలామంది ఉన్నా అదే రాత. 1923లో భగత్ సింగ్ థింద్ కేసు సుప్రీంకోర్టుకెళ్లింది. అప్పట్లో బయటి నుంచి వచ్చినవాళ్లలో పౌరసత్వం తెల్లవాళ్లకూ ఆఫ్రికన్ మూలాలవాళ్లకూ మాత్రమే. మానవశాస్త్రం ప్రకారం తాను కాకేసియన్ అని ఆయన వాదన. శాస్త్రం ఏమన్నా సరే, సామాన్యుడి దృష్టిలో ఇతను తెల్లవాడు కాడు అని కోర్టు కొట్టేసింది. అప్పటికే పౌరసత్వం వచ్చినవాళ్లకు కూడా కొందరికి రద్దు చేశారు. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చాక గానీ తలుపు తెరుచుకోలేదు.

తమాషా ఏంటంటే 1970 జనగణనకు వచ్చేసరికి అదే ఇండియన్లను వైట్ లెక్కలో వేశారు. మనవాళ్ల సంఘాలు కొన్ని వెంటపడి అడిగాక 1977 డైరెక్టివ్‌లో ఏషియన్ ఆర్ పసిఫిక్ ఐలాండర్ కిందికి మారారు. 1980లో ఏషియన్ ఇండియన్ అని విడి గడి వచ్చింది. 2020 నాటికి ఆ ఒక్క గడి టిక్కు పెట్టినవాళ్లు దాదాపు 44 లక్షలు, ఏషియన్ గుంపుల్లో అదే పెద్దది.

కాబట్టి 1970ల నాటి బంధువుల కాగితాల మీద వైట్ అని కనబడితే అది ఎవరి మోసమూ కాదు, అప్పటి లెక్క అది. ఇప్పుడు కాకేసియన్ అని ఎక్కడైనా గడి ఉంటే దాని అర్థం వైట్ అనే. 'చిన్నప్పుడు పుస్తకంలో మనం కాకసాయిడ్ అని చదువుకున్నాం' అనేది అక్కడ పనికిరాదు.

బడిగంట:
స్కూలు ఫారాల గురించి. 2010–11 నుంచి రెండు ప్రశ్నల పద్ధతి ఉంది, ముందు హిస్పానిక్కా కాదా, తర్వాత రేస్ ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ. తల్లిదండ్రులు నింపకపోతే ఖాళీగా ఉండిపోదు. స్కూలు సిబ్బందే పిల్లల్ని చూసి వాళ్లకు తోచింది రాయాలి, నిబంధనే అలా ఉంది. గోప్యత కోసం వదిలేశామనుకుంటారు, తీరా చూస్తే ఎవరో ముఖం చూసి పెట్టిన టిక్కు రికార్డులో కూర్చుంటుంది. అదేదో మనమే పెట్టడం మేలు.

అమ్మానాన్నల్లో ఒకరు ఇండియా, ఒకరు మెక్సికో అనుకోండి. హిస్పానిక్ అవును, రేస్ ఏషియన్ ప్లస్ వైట్ అని నిజాయితీగా అన్నీ టిక్కు పెట్టినా, పైకి పంపే నివేదికలో హిస్పానిక్ అవును అన్న పిల్లలందరూ ఒక్క హిస్పానిక్ గడిలోకే పోతారు. మిగతా టిక్కులు స్కూలు దగ్గర ఉంటాయి గానీ లెక్కలో కనబడవు. హిస్పానిక్ కాకుండా రెండు రేసులుంటే 'టూ ఆర్ మోర్ రేసెస్'. పిల్లల్ని ఒకవైపు లాగి ఒకే గడి పెట్టాల్సిన పని మాత్రం లేదు.

కాలేజీలో ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు ఇంత ఆలోచించక్కర్లేదు. ప్రభుత్వానికి పంపే లెక్కలో వాళ్ల రేస్ అసలు రాదు, నాన్‌రెసిడెంట్ అని విడి వరసలో వేస్తారు. ఇక అడ్మిషన్ అంటారా, 2023 జూన్‌లో హార్వర్డ్ కేసు తీర్పుతో రేస్‌ని చూసి సీటిచ్చే పద్ధతి చెల్లదని తేలిపోయింది. ఏషియన్ అని పెడితే పిల్లాడికి సీటు పోతుందని గడి మార్చే సలహాలు ఇప్పటికీ తిరుగుతున్నాయి, వాటికి ఇక తలా తోకా లేదు.

జీతంచీటీ:
ఆఫీసు పోర్టల్ సంగతి నేను చెప్తా. 100 మంది, ఆపైన ఉద్యోగులున్న ప్రైవేటు కంపెనీలు ఏటా ఈఈఓ-1 అనే నివేదిక ఇవ్వాలి. మీ టిక్కు వెళ్లేది అందులోకి, పేర్లు ఉండవు, మొత్తం అంకెలే. 'చెప్పదలుచుకోలేదు' అని పెట్టొచ్చు, దానికి మీ మీద ఏ చర్యా ఉండదు. కాకపోతే ఇక్కడ కూడా కంపెనీ తన రికార్డులు చూసో, మనిషిని చూసో నింపుకోవచ్చు. తప్పు పడితే హెచ్ఆర్ పోర్టల్‌లో సెల్ఫ్ ఐడెంటిఫికేషన్ అన్న చోట మీరే మార్చుకోవచ్చు, కాగితాలు అడగరు. ఉద్యోగ అర్హత చూసే ఐ-9లో రేస్ ప్రశ్న లేదు. ఐ-9 పేరు చెప్పి ఎవరైనా అడిగితే రెండు కాగితాల్ని కలిపేస్తున్నారన్నమాట.

తెల్లకాగితం:
నా ఓటు ఎప్పుడూ 'చెప్పను' గడికే. వాళ్లకెందుకు మన వివరం?

ఫారంపురుగు:
కొన్నిచోట్ల సరే తెల్లకాగితం గారూ. సోషల్ సెక్యూరిటీ ఎస్‌ఎస్-5 ఫారంలో రేస్, ఎత్నిసిటీ రెండూ స్వచ్ఛందం అని అక్కడే అచ్చేశారు. వదిలేసినా కార్డు వస్తుంది, కార్డు మీద ఆ వివరం ఉండనే ఉండదు. కానీ ఐ-485 (గ్రీన్ కార్డు దరఖాస్తు), ఎన్-400 (పౌరసత్వ దరఖాస్తు)లలో బయోగ్రాఫిక్ ఇన్ఫర్మేషన్ అని ఉండే భాగం అలాంటిది కాదు. ఎత్తు, బరువు, కంటి రంగు, జుట్టు రంగు, వాటితో పాటే ఎత్నిసిటీ, రేస్. నేపథ్య తనిఖీకి మనిషి ఆనవాళ్లుగా వాడతారు. అక్కడ ఖాళీ పెట్టొద్దు. కంటి రంగు దగ్గర కూడా మనవాళ్లు బ్లాక్ అనేస్తారు. వెలుతురులో అద్దం ముందు చూసుకోండి, మనలో ఎక్కువమందివి ముదురు గోధుమ రంగు కళ్లు, అంటే బ్రౌన్. ఎత్తు అడుగులు, అంగుళాల్లో, సెంటీమీటర్లలో కాదు.

ఎన్-400లో ఏదైనా తప్పు పడితే ఇంటర్వ్యూలో ఆఫీసర్ ఫారం వరసగా చదివేటప్పుడు అక్కడే చెప్పండి. దిద్ది, చివర మీతో సంతకం పెట్టిస్తారు. రేస్ గడిని బట్టి పౌరసత్వం రావడం, రాకపోవడం ఉండదు. అయినా సంతకం మీది, తెలిసి తప్పు ఉంచకూడదు. కొత్తపెన్ను గారి చివరి ప్రశ్నకు జవాబు కూడా ఇదే. స్కూలు ఫారాన్నీ దీన్నీ పక్కపక్కన పెట్టుకుని పోల్చడం ఇంటర్వ్యూలో భాగం కాదు.

మందులచీటీ:
'చెప్పను' అనకూడని చోటు ఆసుపత్రి. దక్షిణాసియా వాళ్లకు తక్కువ బరువు దగ్గరే షుగర్ వస్తుంది. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఏషియన్లకు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు కొలత) 23 నుంచే పరీక్ష చేయమంటుంది, మిగతావాళ్లకు 25. 2018 కొలెస్ట్రాల్ మార్గదర్శకాల్లో దక్షిణాసియా మూలం ఉండటాన్నే గుండె జబ్బు ముప్పు పెంచే అంశంగా రాశారు. ఏషియన్ అని మాత్రమే ఉంటే ఈ రెండోది డాక్టరు కంట పడకపోవచ్చు, ఎందుకంటే అది తూర్పు ఆసియా వాళ్లకు వర్తించదు. రిజిస్ట్రేషన్‌లో ఏషియన్ ఇండియన్ గడి ఉంటే అదే పెట్టండి, లేకపోతే నోటితో సౌత్ ఏషియన్ అని చెప్పండి.

రేస్‌ని లెక్కలోంచి తీసేసిన చోట్లూ ఉన్నాయి. కిడ్నీ పనితీరు చెప్పే ఈజీఎఫ్ఆర్ లెక్కకు 2021లో రేస్ లేని సూత్రం వచ్చింది. అక్కడ మీ గడి ఏదైనా అంకె ఒకటే.

వానమబ్బు:
యూకేకి వచ్చేవాళ్లు అమెరికా పాఠం ఇక్కడ వాడకండి. అక్కడ ఎత్నిసిటీ అంటే హిస్పానిక్ ప్రశ్న, ఇక్కడ ఎత్నిక్ గ్రూప్ అంటే అసలు ప్రశ్నే అది. ఇండియన్, పాకిస్తానీ, బంగ్లాదేశీ, చైనీస్ అని విడివిడిగా ఉంటాయి. ఇండియన్ అన్న చోట నేరుగా టిక్కు, అంతే. జనగణనలో ఈ ప్రశ్న 1991లో మొదలైంది. మామూలు మాటల్లో ఏషియన్ అంటే ఇక్కడ మనవాళ్లే, చైనీయుల్ని జనగణనలో ఆ శీర్షిక కిందికి తెచ్చింది 2011లోనే. ఎన్‌హెచ్ఎస్‌లో (ప్రభుత్వ వైద్య సేవ) ఇప్పటికీ 2001 నాటి అక్షరాల కోడ్‌లు నడుస్తాయి. ఇండియన్‌కి హెచ్, చెప్పలేదు అన్నదానికి జడ్. గుండె ముప్పు లెక్కేసే క్యూరిస్క్ పద్ధతిలో ఇండియన్, పాకిస్తానీ, బంగ్లాదేశీలకు విడి లెక్కలున్నాయి, కాబట్టి మీ జీపీ (ఫ్యామిలీ డాక్టరు) దగ్గర జడ్ పడి ఉంటే రిసెప్షన్‌లో చెప్పి మార్పించండి.

మంచుబూట్లు:
కెనడాలో ఇండియన్ అన్న మాటకు చట్టంలో వేరే అర్థం ఉంది, జాగ్రత్త. 1876 నాటి ఇండియన్ యాక్ట్ ఇంకా అమల్లో ఉంది. ప్రభుత్వ కాగితాల్లో స్టేటస్ ఇండియన్, రిజిస్టర్డ్ ఇండియన్ అంటే ఫస్ట్ నేషన్స్ వాళ్లు, అక్కడి మూలవాసులు. మనకు సౌత్ ఏషియన్, కొన్నిచోట్ల ఉదాహరణగా ఈస్ట్ ఇండియన్ అని రాసి ఉంటుంది. తూర్పు రాష్ట్రాల వాళ్లనా అని సందేహపడొద్దు, మొత్తం ఇండియా అనే అర్థం. ఉద్యోగ ఫారంలో 'విజిబుల్ మైనారిటీ' అని అడిగితే మనకు అవును. ఎంప్లాయ్‌మెంట్ ఈక్విటీ చట్టంలోని నిర్వచనం ఆదివాసులు కాని, తెల్లవాళ్లు కాని అందర్నీ కలుపుతుంది. ఇండిజినస్ ప్రశ్నకు కాదు.

ఆస్ట్రేలియాలో రేస్ ప్రశ్నే ఉండదు. జనగణనలో యాన్సెస్ట్రీ అని అడిగి రెండు జవాబుల దాకా లెక్కిస్తారు, తల్లిదండ్రులు పుట్టిన దేశం, ఇంట్లో మాట్లాడే భాష అడుగుతారు. తెలుగు అని రాయడానికి చోటున్నది అక్కడే, రాయండి. ఫ్రాన్స్‌లో అయితే జాతి వివరాలు సేకరించడమే మామూలుగా చట్టం ఒప్పుకోదు, గడి కోసం వెతకొద్దు.

రెండోఅంతస్తు:
దక్షిణాఫ్రికా కూడా చెప్పాలి. అక్కడ ఇండియన్ అన్న గడి ఉంది, ఉద్యోగాల్లో ప్రాధాన్యం ఉన్న వర్గాల్లో అది కూడా ఒకటి. కానీ కొత్తగా వెళ్లినవాళ్లకు వర్తించదు. పుట్టుకతోనో వారసత్వంగానో పౌరులై ఉండాలి, లేదా 1994 ఏప్రిల్ 27కి ముందే పౌరసత్వం పొంది ఉండాలి. నివేదికల్లో విదేశీయులకు విడి వరస ఉంటుంది. ఒంటి రంగు, ఇంటిపేరు ఒకటే అయినా గడి ఒకటి కాదు.

రెండుకళ్లు:
సింగపూర్‌లో గడి ఊరికే లెక్క కోసం కాదు, ఇల్లు, చదువు రెండూ దాని మీద ఆధారపడతాయి. చైనీస్, మలయ్, ఇండియన్, అదర్స్, ఈ నాలుగే. గుర్తింపు వివరాల్లో రేస్ నమోదవుతుంది. 1989 నుంచి ప్రభుత్వ గృహ సంస్థ హెచ్‌డీబీ ఫ్లాట్లకు బ్లాకువారీగా, పేటవారీగా రేస్ కోటా ఉంది. కోటా నిండిన బ్లాకులో ఇండియన్ కొనాలంటే అమ్మేవాళ్లు కూడా ఇండియన్/అదర్స్ అయి ఉండాలి. ఫ్లాటు చూసి అడ్వాన్సు మాట దాకా వెళ్లకముందే హెచ్‌డీబీ వెబ్‌సైట్‌లో ఆ బ్లాకు కోటా చూసుకోవాలి, ప్రతి నెలా మారుతుంది. పర్మనెంట్ రెసిడెంట్లకు దీని పైన ఇంకో కోటా కూడా ఉంది.

రేస్ జంటగా రాసుకునే వీలు 2011 నుంచి ఉంది. ఇండియన్-చైనీస్ అనీ, చైనీస్-ఇండియన్ అనీ. రెండూ ఒకటే అనుకోవద్దు. ఫ్లాటు కోటాకు ముందు రాసిందే లెక్క. పిల్లల పుట్టుక నమోదప్పుడే ఇది ఆలోచించుకోవాలి.

స్కూల్లో మాతృభాష అని ఒక సబ్జెక్టు తప్పనిసరి. ఇండియన్ అని నమోదైన పిల్లలకు తమిళం, లేదా హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూల్లో ఒకటి. తెలుగు ఆ జాబితాలో లేదు. చేరేటప్పుడే ఎంచుకోండి, ఏ స్కూల్లో ఏ భాష క్లాసు అక్కడే జరుగుతుందో, ఏది వేరే కేంద్రానికి వెళ్లి నేర్చుకోవాలో ముందే అడగండి.

కొత్తపెన్ను:
అందరికీ ధన్యవాదాలు. ఆఖరుగా ఒక్కటి. అమెరికా నుంచి కెనడా పీఆర్‌కి ఎఫ్‌బీఐ సర్టిఫికెట్ కావాలంటే వేలిముద్రల కార్డు పంపాలి కదా, ఎఫ్‌డీ-258. అందులో రేస్ గడిలో ఒక్క అక్షరం పట్టే చోటే ఉంది. ఇండియన్‌కి ఐ అని వేయాలా?

ఫారంపురుగు:
వేయకండి! ఆ కార్డులో ఐ అంటే అమెరికన్ ఇండియన్. మనకు ఏ. ఆ ఏలోనే ఏషియన్ ఇండియన్లు, చైనీయులు, పసిఫిక్ దీవులవాళ్లు అందరూ వస్తారు. డబ్ల్యూ వైట్, బీ బ్లాక్, యూ తెలియదు అన్నదానికి. కళ్లకు మూడక్షరాల బీఆర్ఓ, జుట్టుకు బీఎల్‌కే. సిటిజన్‌షిప్ గడి, పుట్టిన చోటు గడి విడిగా ఉంటాయి, ఇండియా అక్కడ రాయాలి.

ఇప్పటికే ఐ వేసేస్తే దాని మీద దిద్దకండి, వైట్‌నర్ పూయకండి, కొత్త కార్డు తీసుకుని ముద్రలు మళ్లీ వేయించుకోవడం నయం. కంప్యూటర్ మీద ముద్రలు తీసే చోటుకెళితే వివరాలు టైప్ చేసేది అవతలివాళ్లు. 'ఇండియన్' అని నోటితో చెబితే వాళ్లు ఐ కొట్టేస్తారు. 'ఏషియన్' అని చెప్పి, పంపే బటన్ నొక్కకముందు తెర ఒకసారి మీ వైపు తిప్పించుకుని చూసుకోండి.